విప్పి చూసినవాడిదే వస్తువు: జి.డి. నాయుడు గారి జీవితం



ఈసారి మన పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనకు ఎండతో నడిచే చిన్న పరికరాలు అనే అంశం పెట్టుకున్నాం. ఒక చిన్న సోలార్ ప్యానెల్, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే బ్యాటరీ, వాటితో నడిచే లైటో, ఫ్యానో, రేడియోనో, మీ ఇష్టం. ఆ నోటీసు వేసే ముందు మీకు ఒక మనిషి కథ చెప్పాలి. ఆయన కూడా మనలాగే తమిళనాట పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నవాడు. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు. పేరు వినే ఉంటారు. కానీ ఆయన ఏం చేశారని అడిగితే మనలో చాలామందిమి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాం.

ఈ కథే ఎందుకు చెప్తున్నానంటే దానికో కారణం ఉంది. కొంచెం సిగ్గుపడాల్సిన కారణమే. అది ముందు చెప్పేస్తాను.

కిందటేడు ప్రదర్శనలో రెండు సోలార్ లైట్లు వచ్చాయి. ఒకటి చాలా అందంగా ఉంది. రంగు అట్టలు, చిన్న ఇల్లు, కప్పు మీద ప్యానెల్, లోపల వెలుగుతున్న దీపం. రెండోది ఎనిమిదో తరగతి అబ్బాయి చేసింది. పాత బొమ్మలో సెల్లులు, ఎక్కడో పారేసిన తోట దీపం మీది ప్యానెల్, దారాలతో కట్టిన వైర్లు. అతిథులు వచ్చేసరికి అది వెలగలేదు. చూడ్డానికి బాగాలేదని ఆ బల్లను నేనే వెనక్కి జరిపించాను. బహుమతి అందమైన ఇంటికి ఇచ్చాం. సాయంత్రం అన్నీ సర్దుతుంటే ఆ ఇంటి కప్పు ఊడింది. ప్యానెల్‌ను జిగురుతో అంటించారు, దాని వైర్లు ఎక్కడికీ పోలేదు. దీపం వెలిగింది అట్ట కింద దాచిన రెండు మామూలు పెన్సిల్ సెల్లులతో! వెనక బల్ల మీది అబ్బాయి లైటులో ఏ మోసమూ లేదు. ప్యానెల్‌ను హాల్లో ట్యూబులైటు కింద పెడితే కరెంటు ఎక్కడిది? పొద్దున్నుంచి వెలిగి వెలిగి బ్యాటరీ అయిపోయింది, అంతే. ఆ పిల్లవాడికి ఎండ కావాలి. నేను నీడలోకి తోశాను.

ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషిని. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది జి.డి. నాయుడు గారే. ఎందుకంటే బడి ఆయనను కూడా వెనక్కి తోసింది.

బడికి సరిపోని పిల్లవాడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. వ్యవసాయం చేసుకునే తెలుగు కుటుంబం. కోయంబత్తూరు జిల్లాలో ఇలాంటి తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయని మీకు తెలుసు. ఊళ్ళో తమిళం, ఇంట్లో తెలుగు. మన చూలై పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు కదా.

చిన్నప్పుడే తల్లి పోయింది. బడికి పంపితే చదువు ఒంటబట్టలేదు. కదలకుండా కూర్చోవడం, చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పడం ఆయన వల్ల కాలేదు. పంతుళ్ళ మీద ఇసుక చల్లి పారిపోయేవారని కోయంబత్తూరు వాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. చివరికి మూడో తరగతి దగ్గరే చదువు ఆగిపోయిందని అంటారు. ఆ తర్వాత పొలం పనుల్లో పెట్టారు.

ఇది చదివి మా బడి మానేస్తామని ఎవరూ అనకండి పిల్లలూ! ఆయన బడి మానేశారు గానీ చదువు మానలేదు. తర్వాత కాలంలో పుస్తకాలు తెగ చదివారు, యంత్రాలను విప్పి చదివారు, దేశాలు తిరిగి చదివారు. నేను ఈ సంగతి చెప్పేది మీకోసం కాదు, మా మాస్టర్ల కోసం. క్లాసులో నిలవని పిల్లవాడి చేతుల్లో ఏముందో మేము చూడకపోతే వాడు వెళ్ళిపోతాడు. నాయుడు గారిలాంటి మొండివాడైతే బయట నేర్చుకుంటాడు. మిగతావాళ్ళ సంగతి ఏమిటి?

ఒక మోటారు సైకిలు

ఆయన జీవితాన్ని తిప్పేసింది ఒక మోటారు సైకిలు. ఒక తెల్ల అధికారి రడ్జ్ కంపెనీ బండి మీద ఆ ఊరి వైపు వచ్చాడు. గుర్రం లేదు, ఎద్దు లేదు, బండి దానంతటది పోతోంది. అంతవరకు అలాంటిది చూడని పల్లె కుర్రాడికి అది నిద్ర పట్టనివ్వలేదు. కొనాలంటే డబ్బు లేదు. ఇంట్లో అడిగితే ఇచ్చే పరిస్థితీ కాదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. సుమారు మూడేళ్ళు కూడబెట్టి, 300 రూపాయలకు ఆ బండిని కొన్నారని చెబుతారు.

ఇక్కడే అసలు సంగతి. చేతికొచ్చిన బండి ఎక్కి ఊరేగలేదు. ఇంటికి తెచ్చి మొత్తం విప్పేశారు. ఏ ముక్క ఏ ముక్కను తిప్పుతోంది, పెట్రోలు ఎక్కడ మండుతోంది, నిప్పురవ్వ ఎక్కడ పుడుతోంది, అన్నీ చూసి మళ్ళీ బిగించారు. అది నడిచింది. మూడేళ్ళు ఎంగిలి పళ్ళేలు ఎత్తి కొన్న బండి, మళ్ళీ బిగించడం రాకపోతే పనికిరాని ఇనుమే మిగిలేది. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ తర్వాత మెకానిక్ పనిలో దిగారు.

బస్సులు, బ్యాటరీలు

1920లో ఒక బస్సు కొన్నారు. కోయంబత్తూరులో పేరున్న వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ సాయం చేశారు. ఆ ఒక్క బస్సును పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపారు. పళని అంటే మురుగన్ కొండ, భక్తుల రాకపోకలు ఎప్పుడూ ఉండే దారి. బస్సు ఫలానా వేళకు వస్తుందంటే వస్తుంది, అదే ఆయన వ్యాపార రహస్యం. అలా పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్, జనం నోట్లో యు.ఎం.ఎస్., అయింది. 1933 నాటికి ఆ సంస్థకు సుమారు 280 బళ్ళు ఉండేవి. మూడో తరగతి చదివిన మనిషి, పదమూడేళ్ళలో!

మన ప్రదర్శనకూ బస్సుకూ సంబంధం ఏమిటంటారా? ఉంది. మోటారు బండిలో ఒక సీసపు బ్యాటరీ ఉంటుంది. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన రకం. సీసపు పలకలు, వాటి మధ్య సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఒక్కో గది 2 వోల్టులు ఇస్తుంది, 6 గదులు వరుసగా కలిపితే 12 వోల్టులు. ఇంజను తిరుగుతున్నంతసేపు దానికి తగిలించిన డైనమో బ్యాటరీని నింపుతుంది. ఇంజను ఆగినప్పుడు ఆ నింపుకున్నదే లైట్లకు పనికొస్తుంది. ఇప్పుడు మీ సోలార్ లైటు తీసుకోండి. డైనమో ఉన్నచోట ప్యానెల్, ఇంజను ఉన్నచోట సూర్యుడు. మిగతాదంతా అదే లెక్క. ఉన్నప్పుడు దాచుకో, లేనప్పుడు వాడుకో. మన అమ్మలు ఉప్పుడబ్బాలో చిల్లర దాచే పద్ధతే.

చిన్న మోటారు, చిన్న సెల్లు

బస్సుల డబ్బుతో ఆయన ఇంకొకరిలా భూములు కొని కూర్చోలేదు. దేశాలు తిరిగారు. యూరప్, అమెరికా వెళ్ళి ఫ్యాక్టరీలు చూశారు. చేతిలో కెమెరా ఉండేది, 1936లో లండనులో అయిదో జార్జి చక్రవర్తి అంతిమయాత్రను స్వయంగా సినిమా తీశారు. జర్మనీ పనితనం మీద ఆయనకు గొప్ప గురి.

ఆ రోజుల్లోనే నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్తు మొదలై కోయంబత్తూరుకు కరెంటు వచ్చింది. మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. మిల్లులకు మోటార్లు కావాలి, అవన్నీ సీమనుంచి దిగుమతే. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో మన దేశంలోనే ఎలక్ట్రిక్ మోటారును తయారు చేశారు. మన దేశపు మొదటి దేశీయ మోటారు అని దాన్నే చెబుతారు. ఇప్పటికీ మోటార్లకు, బావి పంపులకు కోయంబత్తూరు పేరే ముందు వస్తుందంటే ఆ మొదలు మరిచిపోకూడదు.

పెద్ద మోటారు సంగతి అందరూ రాస్తారు. నన్ను ఆకట్టుకుంది చిన్నది. రాసంట్ అనే గెడ్డం గీసుకునే రేజరు. లోపల బొటనవేలంత మోటారు, దాన్ని తిప్పేది డ్రై సెల్లులు, అంటే టార్చిలైటులో వేసుకునేలాంటివి. కరెంటు తీగ లేని పల్లెలో కూడా నడుస్తుంది. అప్పటికి ఎన్ని పల్లెలకు కరెంటు ఉందో మీ తాతయ్యలను అడగండి. గోడకు ప్లగ్గు ఉన్నవాడికే సుఖం అనే నియమాన్ని ఆ చిన్న వస్తువు కాదన్నది.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. సెల్లు ఇచ్చేది 1.5 వోల్టులే. దానిలో ఉన్న శక్తి చాలా కొద్ది. కాబట్టి దానితో ఏదైనా నడపాలంటే సెల్లును పెద్దది చేయడం కాదు, ముందు మోటారు తినేది తగ్గించాలి. బరువు తగ్గించాలి, రాపిడి తగ్గించాలి, బ్లేడు పలచగా చేయాలి. ఆయన బ్లేడుల మీద కూడా అంత పని చేశారు, అతి పలచని షేవింగ్ బ్లేడులు ఆయన చేసినవాటిలో ఉన్నాయి. ఖర్చు తగ్గించుకున్నాక రాబడి సరిపోతుందా అని చూడటం, ఇది సంసారానికీ నిజమే, సోలార్ లైటుకూ నిజమే.

ఇవి కాక కెమెరాకు దూరం సరిచేసే పరికరం, పళ్ళరసం తీసే యంత్రం, దొంగ ఓటు వేయడానికి వీల్లేని ఓటింగు యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను చేశారు. మళ్ళీ చూడండి, ఫ్యాను కూడా కరెంటు లేని ఇంటి కోసమే.

ధర కూడా ఒక కొత్త వస్తువే

ఆయన ప్రతి పనిలో ఒక ప్రశ్న ఉంటుంది. ఇది మామూలు మనిషి కొనగలడా? 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు. రేడియో అంటే జమీందారు ఇంట్లో ఉండే వస్తువు ఆ రోజుల్లో. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు, ధర 2,000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు ఆగిపోయింది. ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఇన్ని వస్తువులు చేస్తానన్నా ఢిల్లీ అనుమతి కావలసిన కాలం అది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు గానీ మన దేశంలో మధ్యతరగతి వాళ్ళు కారు గురించి ఆలోచించలేకపోయారు.

ఆ కారు వచ్చుంటే ఏమయ్యేదో చెప్పలేం. బాగా నడిచేదేమో, నడిచేది కాదేమో. నడుస్తుందా లేదా అన్నది రోడ్డు మీద తేలాల్సింది, కాయితం మీద తేలిపోయింది. కిందటేడు మా హాల్లో కూడా జరిగింది అదేనని ఇప్పుడు అనిపిస్తుంది. ఎండలో పెట్టి చూడకుండానే తీర్పు చెప్పేశాం.

పొలాన్నీ ఆయన వదల్లేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ప్రయోగాలు చేశారు. సర్ సి.వి. రామన్ అంతటివాడు ఆయనను మెచ్చుకున్నారు. నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త, మూడో తరగతితో బడి వదిలిన రైతుబిడ్డను మెచ్చుకున్నారంటే, వాళ్ళిద్దరికీ సమానంగా ఉన్నది డిగ్రీ కాదు కదా, చూడాలన్న ఆత్రం.

బడి మానేసినవాడు బడి పెట్టారు

నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది ఇదే. పంతుళ్ళ మీద ఇసుక చల్లిన పిల్లవాడే పెద్దయ్యాక కాలేజీ పెట్టడానికి ముందుకొచ్చారు. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ సాయంతో కోయంబత్తూరులో ఆయన పేరుతోనే పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. 1945లో నాయుడు గారే ప్రిన్సిపాలు. ఆ ఇంజనీరింగ్ కాలేజీయే ఈనాటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల, మన పూర్వ విద్యార్థులు కొందరు జి.సి.టి. అని చెప్పే కాలేజీ.

ప్రిన్సిపాలు కుర్చీలో ఎక్కువ రోజులు కూర్చోలేదు. ఇంజనీరింగుకు నాలుగేళ్ళు దండగ, చేత్తో పని చేయిస్తే రెండేళ్ళు చాలు అన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా ఇచ్చేశారు.

ఇక్కడ నేను ఆయనతో పూర్తిగా ఒప్పుకోను. రెండేళ్ళు ఆయనకు చాలేవి, అందరికీ చాలవు. ఓమ్ సూత్రం తెలియకుండా వైర్లు కలిపితే ఒకసారి వెలుగుతుంది, రెండోసారి కాలుతుంది. లెక్క, సిద్ధాంతం నిదానంగా ఎక్కాలి. ఆ పని బడిదే. కానీ ఆయన అడిగిన ప్రశ్నకు మేము జవాబు చెప్పాలి. పదేళ్ళు సైన్సు చదివిన పిల్లవాడు ఇంట్లో టార్చిలైటు పాడైతే విప్పడానికి భయపడుతున్నాడంటే, ఆ పదేళ్ళలో మేం ఏం చేసినట్టు?

చివరి దశలో కూడా ఆయన చూపించడం మీదే మనసు పెట్టారు. కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పాటు చేశారు. యంత్రాలను జనం దగ్గరగా వచ్చి చూడాలి, ఎలా తిరుగుతుందో తెలుసుకోవాలి, అదే ఉద్దేశం. 1967లో పొద్దున పునాది వేసి, 11 గంటల్లో ఇల్లు కట్టి చూపించారు. 1974 జనవరి 4న కన్నుమూశారు. ఇప్పుడు అవినాశి రోడ్డు మీద ఆయన పేరుతో మ్యూజియం ఉంది. అదే రోడ్డు మీద 2025లో తెరిచిన 10 కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. సెలవుల్లో కోయంబత్తూరు వైపు వెళ్ళేవాళ్ళు పిల్లలను తప్పక తీసుకెళ్ళండి.

ఆయన చేతికి అందనిది

నాయుడు గారి రేజరుకు ఒక లోపం ఉంది. డ్రై సెల్లు అయిపోతే పారేయాలి. మళ్ళీ కొనాలి. పల్లెటూరి మనిషికి ఆ ఖర్చు ఎప్పుడూ ఉంటుంది. ఆ లోపానికి మందు ఆయన బతికుండగానే పుట్టింది, కానీ ఆయన చేతికి, మన చేతికి అందేంత చవకగా రాలేదు. 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్‌తో సౌర ఘటం చేశారు. మీద పడిన ఎండలో సుమారు 6 శాతం కరెంటుగా మారింది. ఒక్క వాటుకు వందల డాలర్లు ఖర్చు. అందుకే అది మొదట ఆకాశానికే పోయింది. 1958లో వాన్‌గార్డ్-1 అనే చిన్న ఉపగ్రహం మీద ఎక్కింది. ఇక ఇప్పటి సెల్‌ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ అంగట్లోకి వచ్చింది 1991లో, ఆయన పోయిన 17 ఏళ్ళకు.

ఈరోజు మీరు చూలై నుంచి బస్సెక్కి రిచీ స్ట్రీటుకు వెళ్తే ఆ రెండూ చిన్న దుకాణంలో దొరుకుతాయి. 70 రూపాయల రేడియో కలగన్న మనిషికి ఇది చూపించి ఉంటే ఆ రోజు అన్నం తినేవాడు కాదేమో. ఎండ సంగతి మనకు చెప్పక్కర్లేదు. తమిళంలో చూలై అంటేనే బట్టీ! మే నెలలో మన ఊరి పేరు ఎంత సరైనదో అందరికీ తెలుసు.

పైగా ఇది ఆటవస్తువు కూడా కాదు. 2016 డిసెంబరులో వర్దా తుపాను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు చెన్నైలో ఎన్ని వీధులు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో పెద్దవాళ్ళకు గుర్తే. మోకాలి లోతు నీళ్ళలో, కొవ్వొత్తి కూడా దొరకని రాత్రి, ఒక చిన్న ఎల్‌ఈడీ లైటు ముసలివాళ్ళున్న ఇంట్లో ఎంత ధైర్యమో చెప్పలేం. తుపాను ముందురోజు ఎండలో నింపి పెట్టుకుంటే చాలు.

మీరు చేయబోయే లైటు లెక్క

నాయుడు గారి పద్ధతిలోనే మొదలుపెడదాం, ముందు ఖర్చు. రాత్రి 5 గంటలు వెలగాలి. ఎల్‌ఈడీలన్నీ కలిపి 100 మిల్లీయాంపియర్లు తీసుకుంటాయి అనుకోండి. 100ను 5తో హెచ్చిస్తే 500 మిల్లీయాంపియర్ గంటలు. ఇది మన ఖర్చు.

ఇప్పుడు రాబడి. 6 వోల్టులు, 1 వాటు ప్యానెల్ నిండు ఎండలో సుమారు 160 మిల్లీయాంపియర్లు ఇస్తుంది. రోజంతా ఎండ ఉన్నా పొద్దున, సాయంత్రం పలచగా ఉంటుంది కాబట్టి నిండు ఎండ 5 గంటలే అని లెక్క కట్టండి. 800 వస్తుంది. బ్యాటరీలో నిల్వ చేసేటప్పుడు కొంత వృథా పోతుంది. మూడో వంతు పోయిందనుకున్నా 530 మిగులుతుంది. ఖర్చు 500, రాబడి 530. సంసారం గడుస్తుంది. మబ్బు పట్టిన రోజు మాత్రం గడవదు, అందుకే ఒకటి రెండు రోజులకు సరిపడా నిల్వ ఉండాలి. 2,000 మిల్లీయాంపియర్ గంటల నికెల్ మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్లులు మూడు వరుసగా పెడితే సరి. ఒక్కోటి 1.2 వోల్టులు, మూడూ కలిసి 3.6. వరుసగా కలిపితే వోల్టులు పెరుగుతాయి, మిల్లీయాంపియర్ గంటలు పెరగవు. ఇది పరీక్షలో చాలామంది తప్పు రాసే సంగతి.

ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఒక డయోడు పెట్టాలి. అది కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తుంది. లేకపోతే రాత్రి పూట బ్యాటరీలోది వెనక్కి ప్యానెల్‌లోకి పారిపోతుంది. ప్రతి ఎల్‌ఈడీకి ముందు ఒక రెసిస్టర్ ఉండాలి, అంటే మీ పుస్తకంలోని నిరోధకం. తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు, 20 మిల్లీయాంపియర్లు కావాలి. మిగిలిన 0.6 వోల్టును 0.02తో భాగిస్తే 30 ఓములు. అంగట్లో 33 ఓములది దొరుకుతుంది. అలాంటి 5 ఎల్‌ఈడీలు పక్కపక్కన పెడితే పైన అనుకున్న 100 మిల్లీయాంపియర్లు.

జాగ్రత్తలు మూడు. మామూలు డ్రై సెల్లులను ఎప్పుడూ ఛార్జి చేయకూడదు, కారిపోతాయి, పగలొచ్చు. పాత సెల్‌ఫోను, ల్యాప్‌టాపు లిథియం బ్యాటరీలను పిల్లలు విప్పకూడదు, గుచ్చకూడదు, మంట లేస్తుంది. లిథియం వాడాలనుకునే తొమ్మిది, పది తరగతుల వాళ్ళు రక్షణ ఉన్న ఛార్జింగ్ బోర్డుతో, సైన్సు మాస్టరు ఎదుటే పని చేయాలి. ఆ సెల్లు 4.2 వోల్టులు దాటకూడదని గుర్తుంచుకోండి. విప్పి చూడమన్నానని దేన్నైనా విప్పేయకండి. నాయుడు గారు కూడా ముందు చూసి, తర్వాతే స్పానరు పట్టారు.

ఈ ఏటి నియమాలు

ప్రదర్శన ఈసారి హాల్లో కాదు, మైదానంలో, ఎండలో. తేదీ నోటీసు బోర్డు మీద, ఈ పేజీలో వేస్తాం.

ప్రతి పరికరం మూత తెరిచి పెట్టాలి. ప్యానెల్ మీద చెయ్యి అడ్డం పెడితే మల్టీమీటర్‌లో ఏమవుతుందో మీరే చూపించాలి. వెలగకపోతే తప్పు కాదు. ఎందుకు వెలగలేదో చెప్పగలిగితే దానికీ మార్కులుంటాయి. అందానికి వేరే మార్కులు లేవు.

ఖర్చు లెక్క ఒక కాయితం మీద రాసి పక్కన పెట్టండి. పారేసిన వస్తువు వాడితే సున్నా రూపాయలని రాయండి, అది గౌరవమే. అమ్మానాన్నలారా, దయచేసి సిద్ధంగా చేసినది కొనివ్వకండి. మీ డబ్బూ పోతుంది, పిల్లవాడి చెయ్యీ పోతుంది. మల్టీమీటర్లు, సోల్డరింగ్ కడ్డీలు బడిలోనే ఉంచుతున్నాం, రోజూ సాయంత్రం ఒక గంట వాడుకోవచ్చు. మీలో ఎలక్ట్రీషియన్లు, మెకానిక్కులు ఉంటే వారానికి ఒక్కరోజు వచ్చి పిల్లల పక్కన కూర్చోండి. సర్టిఫికెట్ అడగం.

పరికరం గురించి తెలుగులో చెప్పండి, తమిళంలోనూ చెప్పండి. చూసేవాళ్ళు మన వీధివాళ్ళే, అందరికీ అర్థం కావాలి. కలంగల్ కుర్రాడు ఈ రెండు భాషల మధ్యే పెరిగి ఇంత పని చేశాడు.

కిందటేడు వెనక బల్ల దగ్గర నిలబడ్డ అబ్బాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. నేను పిలిచి, నాది తప్పని చెప్పాను. ఈసారి కూడా చేయమని అడిగాను. తల ఊపాడు గానీ చేస్తానని చెప్పలేదు. మైదానంలో మొదటి బల్ల, ఎండ బాగా తగిలే చోటు, అతని కోసం ఖాళీగా ఉంచుతాను. వస్తాడో రాడో చూడాలి.

శుభాకాంక్షలతో,
మీ ప్రధానోపాధ్యాయుడు